న్యూట్రల్‌లో దిగిన పెద్దమనిషి

నాకు మైలేజీ పిచ్చి. కారు కొన్ననాటి నుంచీ లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తున్నాయో డాష్‌బోర్డు మీద చూపించే అంకె మీదే నా ప్రాణమంతా. రోడ్డు మీద ఉండాల్సిన చూపులో సగం దాని మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. అబద్ధమేం కాదు. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ చిన్న నోటుబుక్కులో లెక్క రాసుకుంటాను. ఆఫీసులో ఎవరైనా తన బండి పద్దెనిమిది ఇస్తోందంటే, నాది ఇరవై దాటిందని చెప్పేదాకా నాకు అన్నం సహించదు. వాలు కనిపిస్తే చాలు, గేరు తీసి న్యూట్రల్‌లో పడేస్తాను. దిగేటప్పుడు భూమే లాగుతుంది కదా, ఇంజిన్‌తో పనేముంది, ఊరికే వచ్చేదాన్ని ఎందుకు వదులుకోవాలన్నది నా సిద్ధాంతం. హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీద ఈ సిద్ధాంతం బాగానే నడిచింది. కొంప మునిగేలోపు ఫ్లైఓవరే అయిపోతుంది కాబట్టి నడిచిందని అప్పట్లో తట్టలేదు.

ఈ తెలివితోనే నేను తూర్పు కనుమల మీదికి కారెక్కించాను.

కాకినాడలో దగ్గరివాళ్ళ పెళ్ళి. అదయ్యాక మా మావగారిని ఎస్.కోటలో దింపి మేం విశాఖపట్నం వెళ్ళాలి. అందరూ జాతీయ రహదారి పట్టుకుని పోతారు. నాకు అందరూ పోయే దారి నచ్చదు. ఫోన్‌లో మ్యాపు తెరిచి వేలితో గీశాను. సముద్రం పక్కనుంచి ఉప్పాడ మీదుగా తుని, అక్కణ్ణుంచి నర్సీపట్నం, ఘాటెక్కితే లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు, అనంతగిరి దిగితే ఎస్.కోట, ఆపైన భీమిలి, బీచ్ రోడ్డు మీద విశాఖ. సముద్రం దగ్గర బయల్దేరి, మన్యమంతా తిరిగి, మళ్ళీ సముద్రం దగ్గరే తేలే దారి. దారి ఎంపికలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. కారులో తిరగడానికి ఆంధ్రదేశంలో ఇంతకు మించిన దారి నేను చూడలేదు. తప్పల్లా దాన్ని ఒక్క రోజులో ముగించెయ్యాలనుకోవడంలో ఉంది. మొత్తం సుమారు 400 కిలోమీటర్లు. గంటకు 60 లెక్కన ఏడు గంటల లోపే, టిఫినుకు అరగంట, భోజనానికి అరగంట. పెళ్ళిపందిట్లో ఈ లెక్క పదిమందికి చెప్పి శభాష్ అనిపించుకున్నాను కూడా. అందులో ఒక్కడికైనా ఘాట్‌రోడ్డు మీద గంటకు పాతిక దాటడమే గగనమని తెలిసి ఉంటే నాకింత అప్రతిష్ఠ వచ్చేది కాదు.

తెలిసినాయన ఒకాయన ఉన్నారు. మా మావగారు. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ భాగం అరకు, పాడేరు ఘాట్లలోనే బస్సు తోలారు. ఈ సంగతి నాకు తెలియక కాదు, పెళ్ళిచూపులనాడే చెప్పారు. కానీ బస్సు వేరు, కారు వేరని నా అభిప్రాయం. ఆయన పాతకాలం మనిషి, నేను రోజూ యూట్యూబులో కార్ల వీడియోలు చూసే మనిషిని. ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, మెడ కింద చిన్న దిండు పెట్టి, "మీరు హాయిగా పడుకోండి మావయ్యగారూ, నేనున్నాగా" అన్నాను. "అలాగే బాబూ" అన్నారు. పడుకోలేదు.

కాకినాడ నుంచి ఉప్పాడ దాకా రోడ్డు సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది. ఈ తీరాన్ని సముద్రం ఏళ్ళ తరబడి కోస్తూనే ఉంది. బండరాళ్ళు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబులతో గోడ కట్టారు. అయినా పెద్ద తుపాను వచ్చిందంటే రోడ్డు కొంత సముద్రంలో కలుస్తుంది, మళ్ళీ వేస్తారు. ఒకప్పుడు తమ ఇళ్ళు ఉన్న చోటిని ఊళ్ళోవాళ్ళు నీళ్ళకేసి చెయ్యి చాపి చూపిస్తారు. అంతటి రోడ్డు మీద నేను చూసింది స్పీడోమీటరు. కెరటం రాళ్ళకు కొట్టుకుని ముందు అద్దం మీద చిందితే వైపరు వేశాను. ఆ ఉప్పునీళ్ళు ఎండి తెల్లటి చారలు కట్టాయి. తర్వాత చూసిన కొండలన్నీ ఆ చారల వెనకనుంచే చూశాను. దిగి తుడిస్తే రెండు నిమిషాలు పోతాయిగా మరి.

ఉప్పాడలో మా ఆవిడ ఆపమంది. చీర కొనమని కాదు, నేత చూస్తానని. ఉప్పాడ జమ్‌దానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చీర మీద పువ్వు అద్దకమూ కాదు, కుట్టూ కాదు. మగ్గం మీద నేస్తుండగానే విడిగా జరీ పోగునో రంగు పోగునో వేళ్ళతో చొప్పించి, ఒక్కో వరసా నింపుకుంటూ తెచ్చే పువ్వు. వెనక్కి తిప్పినా పువ్వు పువ్వులాగే ఉంటుంది. తలుపు తీసి ఉన్న ఒక ఇంట్లో ఇద్దరు ఒకే మగ్గం ముందు భుజం భుజం ఆనించి కూర్చుని ఉన్నారు. ఒకరి చేతిలోంచి చిన్న కండె దారాల కిందికి దూరి, రెండో మనిషి చేతి పక్కన తేలింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఇదంతా కారు నెమ్మదించిన ఆ కాసేపట్లో మా ఆవిడ చూసి నాకు చెప్పింది. "పది నిమిషాలేనండీ" అని బతిమాలింది. "ఇక్కడ పది నిమిషాలు ఘాట్‌లో గంటవుతుంది" అన్నాను. ఆ మాటకు అర్థమేమిటో నాకు ఇప్పటికీ తెలీదు. అప్పుడు మాత్రం చాలా గంభీరంగా అన్నాను.

తునిలో ఇడ్లీ, నర్సీపట్నంలో టీ. అక్కడికే నా లెక్క గంటన్నర తప్పింది. తప్పిన గంటన్నరనీ కొండ మీద సరిపెట్టేద్దామనుకున్నాను.

లంబసింగిని ఆంధ్రా కాశ్మీర్ అంటారు. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్ళో చలికాలం తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి వెళ్ళిందన్న వార్త ఏటా టీవీలో వస్తుంది. మేం వెళ్ళింది డిసెంబరులోనే. చేరింది మాత్రం పట్టపగలు, ఎండ ఫెళ్ళున కాస్తుండగా. తెల్లవారుజామున మంచు చూడ్డానికి రాత్రికి రాత్రి విశాఖ నుంచి వచ్చిన కుర్రకారంతా చూడాల్సింది చూసేసి మోటారు సైకిళ్ళ మీద దిగిపోతున్నారు. రోడ్డు పక్కన చల్లారిపోయిన చలిమంటల బూడిద, కాగితం కప్పులు. నేను మంకీ క్యాపు పెట్టుకుని కారు దిగాను. ఆ సమయంలో ఆ ఊళ్ళో మంకీ క్యాపు పెట్టుకున్న ప్రాణిని నేనొక్కణ్ణే. స్ట్రాబెర్రీలు అమ్ముకుంటున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, హోటల్లో ఇడ్లీ అయిపోయిందని చెప్పినంత మామూలుగా, "మంచు పొద్దుటే అయిపోనాది బాబూ, రేపు రండి" అంది. మా ఆవిడ నవ్వాపుకోవడానికి అటు తిరిగింది. మావగారు మాత్రం నవ్వలేదు. అల్లుణ్ణి చూసి నవ్వకూడదనే మర్యాద ఆయనది.

అక్కణ్ణుంచి చింతపల్లి. ఇక్కడ జరిగింది చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది. ముందు చెప్పబోయే బ్రేకుల సంగతి నా ఒక్కడి మూర్ఖత్వం. ఇది మాత్రం నాతోపాటు చాలామంది అనే మాటే.

టీకొట్టు దగ్గర ఆగాం. ఎక్కి వచ్చిన మలుపులు గుర్తు చేసుకుని నాకు పొగడ్త తన్నుకొచ్చింది. "ఎంతైనా తెల్లవాళ్ళ హయాంలో వేసిన రోడ్డంటే రోడ్డే. ఆ కాలంలో ఈ కొండల్లో దారి తియ్యడమంటే మాటలా?" అని నలుగురికీ వినపడేలా అన్నాను. బల్ల చివర తువ్వాలు కప్పుకుని టీ తాగుతున్న ముసలాయన గ్లాసు కింద పెట్టాడు. "తెల్లోళ్ళు ఎయ్యలేదు బాబూ, ఏయించారు. ఏసినోళ్ళు మా తాతలు" అన్నాడు. అంతే. కోపంగా కూడా అనలేదు. మళ్ళీ గ్లాసు అందుకున్నాడు.

అల్లూరి సీతారామరాజంటే నాకు 1974లో వచ్చిన కృష్ణ సినిమాయే. చిన్నప్పుడు అందులో డైలాగులు ఒప్పజెప్పి స్కూల్లో చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి. ఆ పోరాటం వెనక ఈ రోడ్డే ఉందని ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే గానీ తెలియలేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో కొండవాళ్ళ పోడు వ్యవసాయానికి కట్టడి వచ్చింది. అడవే ఆధారమైనవాళ్ళకు అడవి పరాయిదైంది. ఆ మంట మీద గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆజ్యం పోశాడు. నర్సీపట్నం వైపు నుంచి కొండల మీదికి రోడ్లు వెయ్యడానికి మన్యం జనాన్ని బలవంతంగా పనిలోకి దింపి, కూలి సరిగ్గా ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. వరసగా మూడు రోజుల్లో రాజు మనుషులు మూడు స్టేషన్ల మీద పడి తుపాకులు, తూటాలు పట్టుకుపోయారు. తీసుకున్నవాటికి రాజు స్టేషన్ డైరీలో లెక్క రాసి సంతకం కూడా పెట్టాడు. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు పోలీసు అధికారులు వాళ్ళ తూటాలకు బలయ్యారు. గాం గంటందొర, మల్లుదొర లాంటివాళ్ళు వెంట నిలిచిన ఆ పోరాటం రెండేళ్ళు సాగింది. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

ఆ కృష్ణదేవిపేట నర్సీపట్నం నుంచి ఎంతో దూరం లేదు. పొద్దున్న మా ఆవిడ అడగనే అడిగింది. పక్కదారి, పెట్రోలు దండగ అన్నాను. కూలి ఎగ్గొట్టి వేయించిన రోడ్డు మీద నేను పెట్రోలు మిగుల్చుకున్నానన్నమాట. ఇప్పుడు కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు ఊళ్ళను కలుపుతూ పోయే దారి 516ఇ నంబరు జాతీయ రహదారి. వెడల్పు చేస్తున్న చోటల్లా కొండ ఎర్రగా కోసి కనిపిస్తుంది. రోడ్డు ఎవరు వేశారని ఆ ముసలాయన్ని ఇంకో రెండు మాటలు అడిగి ఉండాల్సింది. టీ డబ్బులిచ్చి, టైమైపోతోందని లేచి వచ్చేశాను.

పాడేరు చేరేసరికి చీకటి పడింది. ఒక్క రోజులో విశాఖ అన్న నా మాట అక్కడితో నీళ్ళలో కలిసింది. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక పాడేరు జిల్లా కేంద్రమైంది. లాడ్జీ దొరకడం కష్టం కాలేదు. మావగారు పడుకోబోయే ముందు, "పొద్దున్న నాలుగింటికి లేస్తే వంజంగి కొండెక్కొచ్చు బాబూ. మబ్బులు కాళ్ళ కింద ఉంటాయి" అన్నారు. "మబ్బులు ఎక్కడికి పోతాయి మావయ్యగారూ, తీరిగ్గా ఎనిమిదింటికి చూద్దాం" అన్నాను. మధ్యాహ్నమే మంచు నాకోసం ఆగలేదని చూసినవాణ్ణి, రాత్రికి ఆ మాట అన్నానంటే ఏమనుకోవాలి? నేను లేచేసరికి పక్కన ఎవరూ లేరు. తండ్రీకూతుళ్ళిద్దరూ జీపు మాట్లాడుకుని వెళ్ళి, సూర్యోదయం చూసి, బొమ్మలు తీసుకుని, వస్తూ వస్తూ నాకు పూరీ కట్టించుకుని తెచ్చారు. ఆలస్యమైందని వాళ్ళ మీదే విసుక్కున్నాను. పూరీ మాత్రం తిన్నాను.

అరకు గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. వలిసె పూలు అక్కడక్కడా ఇంకా పచ్చగా మిగిలి ఉన్నాయి, వాటి మధ్య నిలబడి ఫొటోలు దిగే జనం పూల కంటే ఎక్కువున్నారు. కాఫీ తాగాం. బాగుంది.

గాలికొండ దగ్గరికి వచ్చాక నా అసలు ముచ్చట మొదలైంది. అది అరకు ఘాట్‌కు నెత్తి. అక్కణ్ణుంచి అనంతగిరి, డముకు, టైడా దాటి కింద ఎస్.కోట మైదానం దాకా వెయ్యి మీటర్లకు పైగా ఏకదిగుడు. నా జన్మలో అంత పెద్ద న్యూట్రల్ నాకు దొరకలేదు. మైలేజీ మీటరు సున్నాకు తిప్పాను. నోటుబుక్కు చరిత్రలో నిలిచిపోయే అంకె రాబోతోందని చేతులు రుద్దుకుని గేరు తీసేశాను.

"గేర్లో దించండి బాబూ. సెకండులో పెట్టండి" అన్నారు వెనకనుంచి మావగారు. అప్పటిదాకా ఆయన నా డ్రైవింగ్ మీద అన్న మొదటి మాట అదే. నేను వెనక్కి తిరక్కుండానే ఆయనకు పాఠం చెప్పాను. అవి పాత బస్సుల రోజులు మావయ్యగారూ, ఇప్పటి బ్రేకులు వేరు, డిస్కులు, ఏబీయస్, ఇంకా ఏవేవో. ఆయన "ఏమో బాబూ" అని ఊరుకున్నారు. అద్దంలో చూస్తే తలుపు పైనున్న హ్యాండిలు పట్టుకుని ఉన్నారు. ఆ ఘాట్‌లో అన్నేళ్ళు బస్సు తోలిన మనిషి హ్యాండిలు పట్టుకున్నారంటే నాకు అప్పుడే బుద్ధి రావాల్సింది.

మలుపు మలుపుకీ బ్రేకు. మలుపు దాటగానే బండి మళ్ళీ జోరందుకుంటుంది, మళ్ళీ బ్రేకు. ఒక ఇరుకు మలుపులో కింద నుంచి ఆర్టీసీ బస్సు ఎక్కుతోంది. కొండదారిలో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. అది మర్యాదే కాదు, రూలు కూడా. నిండు బస్సు వాలు మీద ఆగితే మళ్ళీ కదలడం ఎంత కష్టమో ఎక్కించేవాడికే తెలుసు. నేను హారన్ మోగించి దూరాను. బస్సు ఆగిపోయింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టబోయి, వెనక సీట్లో ఉన్నాయన్ని గుర్తుపట్టాడు. "ఏటి గురువుగారూ, మీరుండి కూడా ఇలాగేనా?" అన్నాడు. మావగారు తల దించుకున్నారు. తిట్టి ఉంటే నాకింత నొప్పి ఉండేది కాదు.

కాస్త దిగాక వాసన మొదలైంది, మాడిన క్లచ్చు వాసన లాంటిది. ముందుపోయే లారీదనుకున్నాను. ముందు లారీ లేదు. ఆ తర్వాతి మలుపులో పెడల్ తొక్కితే, రోజూ గట్టిగా తగిలే చోటు దాటి కాలు ఇంకా లోపలికి పోయింది. మళ్ళీ తొక్కాను. ఇంకా లోపలికి పోయింది. కింద తొక్కుతున్నది బ్రేకు కాదు, తడి స్పాంజి. కుడిపక్క లోయ. నా నోట మాట రాలేదు. వెనకనుంచి మావగారు ఎప్పటి గొంతుతోనే, "కంగారు పడకండి. పెడల్ పంపు కొట్టండి. థర్డులో వెయ్యండి. ఇప్పుడు సెకండు. హ్యాండ్‌బ్రేకు మెల్లిగా లాగండి, ఒక్కసారిగా వొద్దు. కొండవారకు తీసుకోండి" అన్నారు. ఇంజిన్ గట్టిగా అరిచింది. బండి ఎవరో వెనక నుంచి లాగినట్టు నెమ్మదించి, కొండ పక్క గడ్డిలోకి ఒరిగి ఆగింది.

ముందు చక్రాల్లోంచి సన్నగా పొగ. నేను నీళ్ళ సీసా పట్టుకుని చల్లార్చడానికి పరిగెత్తాను. మావగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన నన్ను ముట్టుకుని ఆపడం అదే మొదలు. "కాగిన డిస్కు మీద చన్నీళ్ళు పోస్తే వంకరపోద్ది, చిట్లినా చిట్లుద్ది. దానంతటదే చల్లారాల" అన్నారు. బానెట్ మీద చెయ్యేసి నిలబడి, జరిగిందేమిటో చెప్పారు. గేరులో ఉంటే బండి బరువు కొంత ఇంజిన్ పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో పడేస్తే బరువంతా బ్రేకుల మీదే. ప్యాడ్లు, డిస్కులు కాగుతాయి, ఆ వేడి బ్రేకాయిల్‌కి ఎక్కుతుంది. ఆయిల్ మరిగితే అందులో ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు పెడల్ తొక్కితే నలిగేది బుడగలే, ప్యాడు కదలదు. ఆయిల్ పాతబడి తేమ పట్టి ఉంటే ఇంకా తొందరగా మరుగుతుంది. నాది మార్చి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తులేదు. దాని లెక్క నోటుబుక్కులో లేదు.

ఎదర కొండకు అడ్డంగా కొత్తవలస–కిరండూల్ రైలు దారి కనిపిస్తోంది. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు దింపడానికి 1960లలో వేసిన లైను అది. ఖనిజం బండి ఒకటి సొరంగంలోంచి బయటికొచ్చి మెల్లగా దిగుతోంది. మావగారు వేలు చూపించి, "అంత బరువు బండి కూడా ఒట్టి బ్రేకు మీద దిగదు బాబూ. ఇంజినే పట్టి దించుద్ది" అన్నారు. ఆ రైలింజిన్లలో దిగుడులో మోటార్లనే బ్రేకులుగా వాడే ఏర్పాటు ఉంటుంది. కొండ దిగే పద్ధతి రైలుకూ బస్సుకూ ఒకటే. తెలియనిది నాకొక్కడికే.

చక్రాలు చల్లారడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత తాళాలు నేనే ఆయనకిచ్చాను. ఆయన సీటు ముందుకు జరుపుకుని, అద్దం సరిచేసుకుని, ముందుగా చేసిన పనేమిటంటే, డిక్కీలోంచి గుడ్డ తీసి ముందు అద్దం మీది ఉప్పు చారలు తుడవడం. తర్వాత రెండు మూడు సార్లు పెడల్ తొక్కి చూసి, సెకండులో వేశారు. కాలు బ్రేకు మీదికి అరుదుగా పోయింది. పోయినా గట్టిగా తొక్కి వెంటనే వదిలేసేవారు. నాలా అదిమి పట్టుకుని కూర్చోలేదు. పైకి ఏ గేరులో ఎక్కుతామో కిందికి అదే గేరులో దిగాలట. పక్క సీట్లో కూర్చుంటే గానీ నాకు ఆ ఘాట్ కనిపించలేదు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగలు. కాఫీ పళ్ళు ఎర్రగా పండి ఉన్నాయి. నడుముకు సంచులు కట్టుకున్న ఆడవాళ్ళు పచ్చికాయ జోలికి పోకుండా, కొమ్మ వంచి పండిన పండొక్కటే వేళ్ళతో తుంపి సంచిలో వేసుకుంటున్నారు. అదే మొక్క దగ్గరికి మళ్ళీ మళ్ళీ రావాల్సిందే. పొద్దుటి నుంచీ ఆ తోటలన్నీ నా కిటికీ పక్కనే ఉన్నాయి.

ఎస్.కోటలో దిగాల్సిన మావగారు దిగలేదు. "భీమిలి దాకా నేనే తోలుకొస్తాను, రేపు బస్సుకి వెనక్కి వచ్చేస్తాలే" అన్నారు. కూతురు కారులో ఉంది మరి. దారిలో గోస్తనీ నది సంగతి చెప్పారు. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా దిగుతుంది. తాటిపూడి జలాశయంలో ఆగి విశాఖకు తాగునీళ్ళిస్తుంది, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మేం దిగిన దారి దాదాపు దానిదే.

భీమిలి చేరేసరికి సాయంత్రం. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, దేశంలోని పాత మున్సిపాలిటీల్లో ఒకటిగా ఉండేది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. బతకడానికి వచ్చి ఇక్కడే పోయిన వాళ్ళ సమాధులు, పైకి కోసుగా కట్టినవి, ఇప్పటికీ ఉన్నాయి. మసక చీకట్లో గోడ అవతలి నుంచి చూశాం. ఇంకో గంట ముందొస్తే లోపలికెళ్ళి రాళ్ళ మీది రాతలు చూసేవాళ్ళమని మా ఆవిడ అంది. ఆ గంట ఎక్కడ పోయిందో నేను అడగలేదు. విశాఖ వెళ్ళే బీచ్ రోడ్డు మీద ఎర్రమట్టి దిబ్బలు చీకట్లో ఎర్రగానూ లేవు, దిబ్బల్లాగానూ లేవు. 2014లో భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించిన చోటది. బౌద్ధారామం ఉన్న తొట్లకొండ దగ్గర గేటు మూసి ఉంది.

విశాఖలో మెకానిక్ బ్రేకు ప్యాడ్లు, ఆయిల్ మార్చాడు. ఆ ఖర్చుతో నా నోటుబుక్కులో కొన్నేళ్ళ పొదుపు చెల్లుకు చెల్లయింది. న్యూట్రల్ కథ విని ఆయన నవ్వలేదు, ఇలాంటివాళ్ళను చాలామందినే చూసి ఉంటాడు. ఇంజెక్టర్లున్న ఇప్పటి బళ్ళలో, వాలులో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, పెట్రోలు పోవడం ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఉంటే ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు తాగుతూనే ఉండాలి. అంటే ఇన్నేళ్ళూ నేను న్యూట్రల్ వేసిన ప్రతిసారీ ఎదురు డబ్బులు కట్టుకున్నానన్నమాట. ఘాట్ మధ్య నుంచి భీమిలి దాకా మావగారు నడిపినంత మేరా మీటరు అంకె నా రికార్డు కంటే పైనే చూపించింది. దాన్ని నోటుబుక్కులో రాసుకోలేదు.

మీలో ఎవరైనా ఈ దారిన వెళ్ళేట్టయితే తప్పకుండా వెళ్ళండి, రెండు రాత్రులు చేతిలో పెట్టుకుని వెళ్ళండి. ఉప్పాడలో మగ్గం దగ్గర కూర్చోండి, కృష్ణదేవిపేట పక్కదారి వదలకండి, మంచు చూడాలంటే చీకటి ఉండగానే లేవండి. బయల్దేరే ముందు బ్రేకాయిల్ చూపించుకోండి. గాలికొండ దగ్గర వాలు మొదలవకముందే సెకండులో పెట్టండి, ఎదురెక్కే బస్సుకి దారివ్వండి. ఇక కారులో ఆ ఘాట్‌లో బండి తోలిన పెద్దాయన ఎవరైనా ఉంటే, ఆయన అడిగేదాకా ఆగకుండా తాళాలు ఆయన చేతికిచ్చేసి మీరు కిటికీ పక్కన కూర్చోండి.